కణత్వచ ప్రోటీన్లు - మొక్కలలో వైరసు నిరోధం

కణత్వచ ప్రోటీన్లు అనగా జీవకణాన్ని చుట్టి ఉండే పలుచని పొరలో ఇమిడి ఉన్న, లేదా ఆ పొరకు లోపలి వైపున అంటుకొని ఉన్న ప్రోటీన్లు. మొక్కలలో ఇవి లవణాలను, చక్కెరలను కణం లోనికీ వెలుపలికీ చేరవేయడం, హార్మోనుల సంకేతాలను అందుకోవడం వంటి అనేకమైన పనులు చేస్తాయి. వీటిలో కొన్ని, వైరసు సోకినప్పుడు ఆ సంగతిని పసిగట్టడంలోను, అది పక్క కణానికి పాకకుండా నిలువరించడంలోను కూడా పాల్గొంటాయి. ఈ వ్యాసం ఆ చివరి పనికి సంబంధించినది. ప్రోటీన్లను తెలుగు పాఠ్యపుస్తకాలలో మాంసకృత్తులు అని కూడా వ్యవహరిస్తారు. మొక్కలో ఉన్నదానిని మాంసకృత్తు అనడం కొంత విడ్డూరంగా ఉంటుంది కనుక ఇక్కడ ప్రోటీను అనే మాటనే వాడడం జరిగింది.

పంటలకు పట్టే బూజు తెగుళ్ళకు మందులు ఉన్నాయి. పురుగులకు మందులు ఉన్నాయి. వైరసు సోకిన మొక్కను తిరిగి ఆరోగ్యవంతం చేసే మందు మాత్రం ఇంతవరకు రైతుకు అందుబాటులోకి రాలేదు. వైరసును మోసుకువచ్చే పురుగును అదుపు చేయడం, వైరసుకు ఆశ్రయమిచ్చే కలుపును పీకివేయడం, వైరసును తనంతట తాను తట్టుకోగల వంగడాన్ని వేయడం - రైతు చేయగలిగినది ముఖ్యంగా ఈ మూడే. మూడవది మొక్క యొక్క సహజ రక్షణ వ్యవస్థపై ఆధారపడినది. ఆ వ్యవస్థలో కణత్వచం పాత్ర ఏమిటన్నది 2000వ సంవత్సరం తరువాతనే కొంత కొంతగా స్పష్టం కావడం మొదలైంది.

అనంతపురం ఉదంతం

వైరసు మొక్క కణంలోకి ఎలా ప్రవేశిస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ 2000వ సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగ పైరుకు వచ్చిన కాండం కుళ్ళు వైరసు తెగులు. (అప్పటి జిల్లా 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది.) ఆ ఏడు సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు ఈ తెగులు బారిన పడింది. నష్టం 300 కోట్ల రూపాయలకు మించి ఉంటుందని అంచనా వేశారు. ముందుగా కొన భాగాన ఉన్న లేత ఆకులపై మాడిన మచ్చలు కనిపించేవి. ఆ మాడు ఆకు కాడకు, అక్కడినుండి కాండానికి దిగి, చివరకు మొక్క మొత్తం చచ్చిపోయేది. చూపుకు ఇది అంతకుముందే పరిచయమున్న మొవ్వుకుళ్ళు తెగులును పోలి ఉంటుంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షలు జరిపి, ఇది మొవ్వుకుళ్ళు కాదనీ, పొగాకు చారల వైరసు అనబడే టుబాకో స్ట్రీక్ వైరసు వలన వచ్చినదనీ నిర్ధారించారు.

ఈ వైరసు పొలానికి వచ్చిన దారి విచిత్రమైనది. చేల గట్ల మీద, బీళ్ళలో విస్తారంగా పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్కలో ఈ వైరసు ఏ రోగ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడిలో కూడా ఉంటుంది. తామర పురుగులు వయ్యారిభామ పూలలో తిరిగినప్పుడు ఆ పుప్పొడి వాటి ఒంటికి అంటుకుంటుంది. అవే పురుగులు వేరుశనగ ఆకు మీద వాలి, ఆకును గీకి రసం పీల్చేటప్పుడు కణాలు చిట్లుతాయి. రాలిన పుప్పొడిలోని వైరసు ఆ గాయం గుండా కణంలోకి దిగుతుంది. పురుగు కడుపులో వైరసు పెరగదు. పురుగు చేసేది రెండే పనులు: పుప్పొడిని తేవడం, గాయం చేయడం.

ఇక్కడ చిన్న వివరణ అవసరం. అనంతపురం రైతులు దశాబ్దాలుగా వేసిన వేరుశనగ రకం పేరు టి.ఎం.వి-2. వైరసు శాస్త్రంలో టి.ఎం.వి. అనగా పొగాకు మొజాయిక్ వైరసు. ఈ రెండింటికీ ఎటువంటి సంబంధమూ లేదు. వేరుశనగ రకానికి ఆ పేరు తమిళనాడులోని తిండివనం పరిశోధనా కేంద్రం వలన వచ్చింది. విద్యార్థులు తరచుగా పొరబడుతుంటారు.

జంతు కణానికి, మొక్క కణానికి తేడా

జంతువులకు సోకే వైరసులు కణం పైపొరలో ఉండే ఏదో ఒక ప్రోటీనును పట్టుకుని, దానినే మెట్టుగా చేసుకుని లోనికి పోతాయి. కనుక ఆ ప్రోటీను లేని కణానికి ఆ వైరసు సోకదు. మొక్కలలో పరిస్థితి వేరు. మొక్క కణత్వచానికి వెలుపల సెల్యులోజుతో కట్టిన దృఢమైన కణకవచం ఉంటుంది. ఈ గోడను దాటి పైపొరను తాకే శక్తి ఏ మొక్క వైరసుకూ లేదు. అందువలన అది పురుగు కాటునో, కత్తిగాటునో, చేతిరాపిడినో ఆశ్రయించి, పొర చిరిగిన చోట నేరుగా కణద్రవ్యంలోకి జారుకుంటుంది.

అంటే మొక్కలో కణత్వచం ప్రవేశద్వారం దగ్గర కాపలాదారు కాదు. దొంగ పైకప్పు పెంకు తీసి ఇంట్లో దిగిన తరువాతనే దానికి పని మొదలవుతుంది. ఈ తేడాను గుర్తించకుండా జంతువుల రోగనిరోధాన్ని మొక్కలకు యథాతథంగా వర్తింపజేసే వివరణలు కొన్ని పుస్తకాలలో కనిపిస్తాయి. అవి సరికావు. ఒక్క కణం చెడినంత మాత్రాన మొక్కకు వచ్చే నష్టం స్వల్పం. ఆ కణం నుండి పక్క కణానికి, అక్కడినుండి ఆహారం ప్రవహించే పోషక కణజాలానికి, ఆ ప్రవాహంలో మొవ్వుకు వైరసు చేరినప్పుడే మొక్క దెబ్బతింటుంది. కనుక పోరాటం అంతా రెండు విషయాల మీద జరుగుతుంది: వైరసు తన ప్రతులను తయారుచేసుకోవడం, పక్క కణానికి పోవడం. ఈ రెండూ పొరల మీదనే, పొరల సాయంతోనే జరుగుతాయి.

కణత్వచ నిర్మాణం

కణత్వచం మందం సుమారు 7 నుండి 8 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షవ వంతును నానోమీటరు అంటారు. కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికి తలలు బయటకు పెట్టి నిలబడగా ఏర్పడినదే ఈ పొర. ప్రోటీన్లు ఇందులో మూడు విధాలుగా ఉంటాయి. కొన్ని పొరను ఈ వైపు నుండి ఆ వైపుకు గుచ్చుకుని ఉంటాయి. కొన్ని ఒక కొవ్వు తోకను తగిలించుకుని దాని సాయంతో పొరకు వేలాడుతుంటాయి. మరికొన్ని పొరలోని వేరే ప్రోటీనును పట్టుకుని ఉంటాయి.

మొదటి రకంలో ముఖ్యమైనవి గ్రాహక కైనేజులు. వీటి ఒక కొస కణం వెలుపల ఉండి సంకేతాన్ని అందుకుంటుంది. లోపలి కొస వేరే ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలించి వాటిని మేల్కొలుపుతుంది. ఇదే పొరలో కాల్షియమును లోనికి వదిలే మార్గాలు, ఆక్సిజను నుండి చురుకైన రూపాలను పుట్టించే ఆర్.బి.ఓ.హెచ్. అనే ఎంజైములు కూడా ఉంటాయి. కణానికి ప్రమాదం తెలియగానే కాల్షియము లోనికి రావడం, చురుకైన ఆక్సిజను రూపాలు పుట్టడం ఏ తెగులుకైనా సామాన్యంగా కనిపించే తొలి స్పందనలు. వైరసుకు ప్రత్యేకమైన కథ ఆ తరువాత ఉన్నది.

కణద్రవ్య బంధాలు

పక్కపక్కన ఉన్న రెండు మొక్క కణాల నడుమ గోడలో అతి సన్నని సొరంగాలు ఉంటాయి. వీటిని కణద్రవ్య బంధాలు అంటారు. ప్లాస్మోడెస్మాటా అనేది వీటి శాస్త్రనామం. వీటి వెడల్పు సుమారు 30 నుండి 50 నానోమీటర్లు. సొరంగం నడుమ నుండి అంతర్జీవద్రవ్య జాలకం యొక్క సన్నని గొట్టం ఒకటి పోతుంది కనుక నిజంగా ఖాళీగా ఉండే చోటు చాలా తక్కువ. సొరంగం గోడలకు అస్తరుగా ఉన్నది కణత్వచమే. ఒక కణం త్వచం ఈ సొరంగం గుండా సాగి పక్క కణం త్వచంతో కలిసిపోతుంది. ఆ లెక్కన మొక్క శరీరంలోని కణాలు చాలావరకు ఒకే పొరను పంచుకుంటున్నాయని చెప్పవచ్చును.

పొగాకు మొజాయిక్ వైరసు కణిక పొడవు 300, వెడల్పు 18 నానోమీటర్లు. ఇంత కడ్డీ ఆ ఇరుకులో పట్టదు. అందుకని ఈ వైరసు చలన ప్రోటీను అనే ప్రత్యేకమైన పనిముట్టును తయారుచేసుకుంటుంది. అది సొరంగాన్ని వెడల్పు చేసి, కణిక రూపంలో కాకుండా విప్పిన ఆర్.ఎన్.ఎ. పోగు రూపంలో వైరసును అవతలకు దాటిస్తుంది. మరికొన్ని వైరసులు తమ సొంత గొట్టాన్ని సొరంగంలో దూర్చి కణికలనే దాటిస్తాయి. ఏ పద్ధతి అయినా చలన ప్రోటీను లేని వైరసు మొదటి కణంలోనే చిక్కుకుపోతుంది.

మొక్క చేసే ప్రతిచర్య ఆ సొరంగం మెడను బిగించడం. కణత్వచంలో ఉండే కాలోజు సింథేజు ఎంజైములు కాలోజు అనే చక్కెర బంధాన్ని సొరంగం మెడ చుట్టూ పేరుస్తాయి. కాలోజు పెరిగితే దారి ఇరుకవుతుంది, తరిగితే వెడల్పవుతుంది. ఈ పేర్పును ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే ప్రోటీన్లు కూడా త్వచంలోనే ఉన్నాయి. వైరసు తన ప్రతులను తీసేటప్పుడు జంటపోగుల ఆర్.ఎన్.ఎ. ఏర్పడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఇంత పొడవాటి జంటపోగు సాధారణంగా ఉండదు కనుక అది శత్రువు ఆనవాలు. జంటపోగు ఆర్.ఎన్.ఎ.కు మొక్క చూపే రక్షణ స్పందన సెర్క్-1 అనే త్వచ కైనేజుపై ఆధారపడి ఉంటుందని 2016లో ఆరబిడాప్సిస్ మొక్కలో చూపారు. ఈ స్పందనలో కాలోజు పేరుకోవడం కూడా ఒక భాగమని 2023లో వెలువడిన పరిశోధన తెలిపింది. సెర్క్-1 గ్రాహక భాగం కణం వెలుపలి వైపుకు ఉంటుంది, జంటపోగు ఆర్.ఎన్.ఎ. పుట్టేది లోపల. ఈ రెండూ ఎలా కలుస్తాయన్నది పరిశోధకులను ఇంకా వేధిస్తున్న ప్రశ్న.

రెమోరిన్లు అనే మరొక రకం ప్రోటీన్లు పొర లోపలి వైపున గుంపులు గుంపులుగా అంటుకుని ఉంటాయి. బంగాళదుంప రెమోరిను, పొటాటో వైరస్ ఎక్స్ యొక్క చలన ప్రోటీనులలో ఒకదానిని పట్టుకుని, ఆ వైరసు కణం నుండి కణానికి పోయే వేగాన్ని తగ్గిస్తుందని ఫ్రాన్సులోని బోర్డో పరిశోధకులు 2009లో కనుగొన్నారు. ఇది వైరసును చంపదు, నడకను నెమ్మది చేస్తుంది. మొక్క విషయంలో ఇది చిన్న సంగతి కాదు. మొవ్వు చేరేలోగా కాయ గట్టిపడితే పంట చాలావరకు దక్కినట్లే.

టమాటాలోని టీఎం-2² జన్యువు

కణత్వచ ప్రోటీను వైరసును అడ్డుకోవడానికి ప్రయోగశాల దాటి పొలంలో నిలబడిన ఉదాహరణ టమాటాలోని టీఎం-2² జన్యువు. పెరూ దేశపు అడవి టమాటా జాతి నుండి సంకరం ద్వారా దీనిని సాగు టమాటాలోకి తెచ్చారు. టమాటా మొజాయిక్ వైరసును ఇది దశాబ్దాలపాటు నిలబెట్టి ఆపింది. ఒక నిరోధక జన్యువు ఇంతకాలం ఓడిపోకుండా ఉండడం అరుదు.

దీని క్రమాన్ని 2003లో నిర్ణయించారు. 861 అమైనో ఆమ్లాలు గల ఈ ప్రోటీను కణత్వచం వద్ద ఉంటుందనీ, అక్కడ ఉంటేనే పని చేస్తుందనీ 2017లో తేలింది. కారణం ఊహించడం కష్టం కాదు. ఇది గుర్తుపట్టేది వైరసు చలన ప్రోటీనును. చలన ప్రోటీను ఎంత దాగినా చివరకు కణద్రవ్య బంధం దగ్గరకు, అంటే త్వచం దగ్గరకు రాక తప్పదు. రేవు దగ్గర కాచుకున్నవానికి పడవ దొరకకపోదు. చలన ప్రోటీను తగలగానే టీఎం-2² ఆ కణాన్నే చావనిస్తుంది. చుట్టుపక్కల కొన్ని కణాలు మాడి చుక్కలా కనిపిస్తాయి, వైరసు ఆ చుక్కలో బందీ అవుతుంది.

ఇంతటి జన్యువును కూడా ఒక వైరసు దాటగలిగింది. ఇజ్రాయిలులో 2014లో, జోర్డానులో 2015లో టీఎం-2² ఉన్న టమాటాలు జబ్బుపడ్డాయి. కారణం టమాటా బ్రౌన్ రుగోస్ ఫ్రూట్ వైరసు అనే కొత్త జాతి. దీని చలన ప్రోటీను, కాపలాదారుకు ఆనవాలు దొరకనంతగా మారిపోయింది. ఆ తరువాత ఇది అనేక దేశాలకు పాకింది.

నిరోధక జన్యువులన్నీ త్వచంలోనే పనిచేస్తాయని అనుకోరాదు. వైరసు నిరోధక జన్యువులలో మొట్టమొదట 1994లో వేరుచేయబడిన పొగాకు ఎన్ జన్యువు తయారుచేసే ప్రోటీను త్వచానికి చెందినది కాదు.

పల్లాకు తెగులు, నిక్-1

మినుము, పెసర పండించే రైతులకు పల్లాకు తెగులు, బెండ రైతులకు శంఖురోగం, మిరప, టమాటా రైతులకు ఆకుముడత బాగా తెలిసిన శత్రువులు. ఇవన్నీ బెగోమోవైరసులు అనే వర్గం వలన వస్తాయి. తెల్లదోమ వీటిని మోస్తుంది. ఇవి జెమిని వైరసు కుటుంబంలోనివి. రెండు కణికలు అతుక్కుని కవలల వలె కనిపిస్తాయి కనుక మిథున రాశి పేరు పెట్టారు. తెలుగు జిల్లాలలో రైతులు, మందుల దుకాణదారులు కూడా జెమిని అనే మాటనే వాడుతున్నారు.

చాలా మొక్క వైరసులకు ఆర్.ఎన్.ఎ. ఉండగా వీటికి డి.ఎన్.ఎ. ఉంటుంది. ఇవి కేంద్రకంలో ప్రతులు తీసుకుంటాయి. తయారైన డి.ఎన్.ఎ.ను కేంద్రకం నుండి బయటకు తెచ్చే పనిని, రెండు డి.ఎన్.ఎ. వలయాలు గల బెగోమోవైరసులలో, ఎన్.ఎస్.పి. అనే వైరసు ప్రోటీను చేస్తుంది. పెసర పల్లాకు వైరసు ఈ రెండు వలయాల రకానికి చెందినదే. బెండ శంఖురోగ వైరసుకు మాత్రం ఒకటే వలయం, దానికి తోడు ఒక ఉపగ్రహ డి.ఎన్.ఎ. ఉంటుంది.

బ్రెజిల్ దేశంలోని విసోసా విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ ఫోంటెస్ బృందం ఈ ఎన్.ఎస్.పి. మొక్కలో దేనిని పట్టుకుంటుందో వెతకగా నిక్ అనే గ్రాహక కైనేజులు దొరికాయి. ఈ ఫలితాలు 2004లో వెలువడ్డాయి. తరువాతి పదేళ్ళలో వీటిలో నిక్-1 పని తీరు బయటపడింది. వైరసు సోకినప్పుడు త్వచంలోని నిక్-1 అణువులు జతకట్టి, 474వ స్థానంలోని త్రియొనిను మీద ఫాస్ఫేటును తగిలించుకుంటాయి. ఈ సంకేతం అందుకుని ఆర్.పి.ఎల్.10 అనే రైబోసోము ప్రోటీను కేంద్రకంలోకి పోతుంది. అక్కడ లిమిబ్ అనే మరొక ప్రోటీనుతో కలిసి, ప్రోటీన్ల తయారీకి కావలసిన జన్యువులను అణచివేస్తుంది. ఈ లిమిబ్ సంగతి 2015లో తెలిసింది. ఫలితంగా కణంలో ప్రోటీన్ల తయారీ తగ్గుతుంది. వైరసుకు సొంత వంటశాల లేదు, కణం పొయ్యి మీదనే వండుకోవాలి. పొయ్యి మంట తగ్గిస్తే ఇంటివారికి కొంత ఇబ్బందే అయినా పిలవని చుట్టానికి పూట గడవదు.

వైరసు కూడా ఊరుకోలేదు. ఎన్.ఎస్.పి. నేరుగా నిక్-1 కైనేజు భాగాన్ని పట్టుకుని ఆ సంకేతం బయలుదేరకుండా చేస్తుంది. అయితే 474వ స్థానంలో త్రియొనినుకు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం పెడితే నిక్-1 ఎల్లప్పుడూ మేలుకునే ఉంటుంది, ఎన్.ఎస్.పి.కి లొంగదు. ఈ మార్పు గల టమాటా మొక్కలు బెగోమోవైరసులను తట్టుకున్నాయని 2015లో ప్రచురించారు.

దీనికి వెల కూడా ఉన్నది. నిక్-1 బాక్టీరియాలను పసిగట్టే త్వచ గ్రాహకాలను అణచి ఉంచుతుందని 2019లో తెలిసింది. వైరసు వైపు కాపలా పెంచితే బాక్టీరియా వైపు తలుపు కొంత వదులవుతుంది. నిక్-1ను పంటలలో పెట్టాలనుకునేవారు ఈ రెండవ విషయాన్ని విస్మరించరాదు.

ఆర్.ఎన్.ఎ. నిశ్శబ్దీకరణకు త్వచం సాయం

వైరసు ఆర్.ఎన్.ఎ.ను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలనే ఆనవాలుగా పెట్టుకుని మిగతా ఆర్.ఎన్.ఎ.ను వెతికి నరకడం మొక్కల ప్రధాన ఆయుధం. దీనిని ఆర్.ఎన్.ఎ. నిశ్శబ్దీకరణ అంటారు. ఈ ముక్కలు వైరసు కంటే ముందుగా పక్క కణాలకు చేరితే అక్కడి కణాలు సిద్ధంగా ఉంటాయి. బామ్-1 అనే త్వచ గ్రాహక కైనేజు ఈ వ్యాప్తికి తోడ్పడుతుందని, టమాటా ఆకుముడత వర్గానికి చెందిన ఒక వైరసు తన సి4 ప్రోటీనును త్వచానికి పంపి బామ్-1 పనిని చెడగొడుతుందని 2018లో చూపారు.

శత్రువుకు సాయపడే త్వచ ప్రోటీన్లు

పై వివరణ చదివినవారికి త్వచ ప్రోటీన్లన్నీ మొక్క పక్షమే అనిపించవచ్చును. అది నిజం కాదు. వైరసు తన ప్రతులను తీసుకునే యంత్రాన్ని పొరల మీదనే బిగించుకుంటుంది. దానికి పట్టు ఇచ్చేవి మొక్క ప్రోటీన్లే. పొగాకు మొజాయిక్ వర్గపు వైరసులకు టామ్-1, టామ్-3 అనే ప్రోటీన్లు ఇటువంటి పట్టుకొమ్మలు. ఇవి కణం పైపొరలో కాక, కణం లోపలి రిక్తికను చుట్టి ఉన్న పొరలో ఉంటాయి. జపాను పరిశోధకులు వీటిని ఆరబిడాప్సిస్‌లో గుర్తించారు. ఇవి లేని మొక్కలో వైరసు పెరగలేదు.

కణద్రవ్య బంధాలలో ఉండే పి.డి.ఎల్.పి. ప్రోటీన్ల సంగతి మరీ వింతగా ఉంటుంది. కాలోజు పేరుకుని దారి మూసుకోవడానికి ఇవి తోడ్పడతాయి. ద్రాక్షకు సోకే ఫ్యాన్‌లీఫ్ వైరసు తన గొట్టాన్ని సొరంగంలో అమర్చుకునేటప్పుడు ఈ ప్రోటీన్లనే ఆనుకుంటుందని 2010లో తెలిసింది. అదే వీధి దీపం ఇంటివానికీ దొంగకూ దారి చూపినట్లు.

పోటీవైరసు కుటుంబంలోనూ ఇటువంటిదే ఉన్నది. టర్నిప్ మొజాయిక్ వైరసు యొక్క ఒక చలన ప్రోటీను, కణత్వచానికి అంటుకుని ఉండే పి.క్యాప్-1 అనే మొక్క ప్రోటీనును పట్టుకుని సొరంగం చేరుతుందని 2012లో చూపారు. బొప్పాయిలో వలయపు మచ్చలు తెచ్చే వైరసు కూడా ఈ కుటుంబంలోనిదే.

ఇటువంటి సందర్భాలలో ప్రోటీనును చేర్చడం కాదు, తీసివేయడం నిరోధానికి మార్గమవుతుంది. టమాటాలోని టామ్-1 వర్గపు నాలుగు జన్యువులను జన్యు సవరణతో పనిచేయకుండా చేసినప్పుడు, టీఎం-2²ను దాటిన ఆ బ్రౌన్ రుగోస్ వైరసు సైతం పెరగలేకపోయిందని, మొక్క ఎదుగుదలలో లోపం కనిపించలేదని 2022లో ప్రచురితమైంది. కాపలాదారును పెట్టినప్పుడు వైరసు వేషం మార్చుకుని దాటవచ్చును. పట్టుకొమ్మనే తీసివేస్తే వైరసుకు అంత సులువు కాదు. ఈ కారణంగా రాబోయే కాలంలో ఈ రెండవ పద్ధతికే ఎక్కువ ఉపయోగం ఉండవచ్చునని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

హైదరాబాదులో చూడదగినవి

నగరంలో ఉండే విద్యార్థికి ఈ విషయమంతా దూరపు సంగతిగా తోచవచ్చును. కానీ అబిడ్స్, నాంపల్లి వీధులలో తోపుడు బళ్ళ మీద అమ్మే పచ్చి బొప్పాయిని పరిశీలించి చూస్తే, ఒక్కొక్కసారి తొక్క మీద ముదురు రంగులో వలయాలు కనిపిస్తాయి. అవి బొప్పాయి వలయపు మచ్చ వైరసు గుర్తులు. పేనుబంక దీనిని మోస్తుంది. కూరగాయల బుట్టలో పాలిపోయి పసుపు తిరిగిన బెండకాయలు ఉంటే అవి శంఖురోగం సోకిన మొక్కవి కావచ్చును. మొక్క వైరసులు మనుషులకు సోకవు. కనుక తినడానికి భయపడనక్కరలేదు, అయితే అటువంటి బెండకాయ పీచుగా ఉంటుంది.

తోటలలో పెంచే క్రోటను ఆకుల మీద ఉండే రంగురంగుల మచ్చలు మాత్రం వైరసు వలన వచ్చినవి కావు, అవి ఆ మొక్క లక్షణం. నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కు తిరగడానికి వెళ్ళినవారు ఈ తేడాను గమనించవచ్చును. ఉద్యానశాఖ కార్యాలయం కూడా ఆ తోటలోనే ఉన్నది.

తెలుగు నేలపై పరిశోధన, ప్రస్తుత స్థితి

వేరుశనగ మొవ్వుకుళ్ళు తెగులుకు కారణమైన వైరసును చాలాకాలం టమాటా స్పాటెడ్ విల్ట్ వైరసుగానే భావించేవారు. ఇది దానికి భిన్నమైన వేరే వైరసు అని ఇక్రిశాట్‌లో డి.వి.ఆర్. రెడ్డి బృందం 1992లో తేల్చింది. ఈ వైరసు తామర పురుగు ఒంట్లో కూడా పెరుగుతుంది. పిల్ల పురుగు దశలో వైరసును తీసుకున్న తామర పురుగు పెద్దదైన తరువాత దానిని వ్యాపింపజేస్తుంది. ఐసిజిఎస్-11, ఐసిజిఎస్-44 వంటి రకాలు పొలంలో దీనిని కొంతవరకు తట్టుకుంటాయి.

వైరసు కవచానికి చెందిన జన్యువునే వేరుశనగలో ప్రవేశపెట్టి నిరోధం తేవాలన్న ప్రయత్నం కూడా ఇక్రిశాట్‌లో జరిగింది. నిరోధం పాక్షికంగానే వచ్చిందనీ, నిలకడగా లేదనీ 2013లో ఆ శాస్త్రవేత్తలే ప్రచురించారు. పనిచేయని ప్రయోగాన్ని దాచకుండా ప్రచురించడం తరువాతివారికి ఎంతో ఉపకరిస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పిన త్వచ ప్రోటీన్లలో ఎక్కువ భాగం ఆరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్కలోను, పొగాకు జాతికి చెందిన ఒక ప్రయోగశాల మొక్కలోను అధ్యయనం చేసినవి. వేరుశనగ, మినుము, మిరపలలో వీటి సరిజోడులు ఏవి, అవి అంత గట్టిగా పనిచేస్తాయా అన్నది పంటవారీగా చూడవలసి ఉన్నది. పత్రికలలో అప్పుడప్పుడు వచ్చే "వైరసును జయించిన మొక్క" వార్తలను ఈ దృష్టితోనే చదవాలి. వేరుశనగకు పూర్వీకులైన రెండు అడవి జాతుల జన్యుక్రమం 2016లోను, సాగు వేరుశనగ జన్యుక్రమం 2019లోను వెలువడ్డాయి కనుక ఈ వెతుకులాటకు ఆధారం ఏర్పడింది.

చట్టపరంగా కూడా కొంత వెసులుబాటు వచ్చింది. పరాయి జన్యువు మిగలకుండా చేసిన కొన్ని రకాల జన్యు సవరణలకు భారత ప్రభుత్వం 2022లో జన్యుమార్పిడి పంటల కఠిన నిబంధనల నుండి మినహాయింపు ఇచ్చింది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ, సాంబ మసూరిలో జన్యు సవరణతో తయారుచేసిన డి.ఆర్.ఆర్. ధాన్ 100 అనే రకాన్ని 2025 మే నెలలో ప్రకటించారు. అది దిగుబడికి సంబంధించినది, వైరసుకు కాదు. కానీ టామ్-1 వంటి పట్టుకొమ్మలను తొలగించడం కూడా ఇదే తరహా సవరణ.

ప్రస్తుతం వేరుశనగ రైతు చేయగలిగినది

కాండం కుళ్ళు వైరసును త్వచ ప్రోటీనుతో ఆపే వేరుశనగ రకం ఇంకా పొలానికి చేరలేదు. అంతవరకు వైరసు వచ్చే దారిని అడ్డుకోవడమే ఉపాయం. చేను లోపల, గట్ల మీద ఉన్న వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయాలి. పూసిన తరువాత పీకితే పుప్పొడి అప్పటికే గాలికి, పురుగులకు చిక్కి ఉంటుంది. చేను చుట్టూ జొన్న లేదా సజ్జ కొన్ని సాళ్ళు వేస్తే త్వరగా ఎత్తు పెరిగి, గాలిలో కొట్టుకువచ్చే తామర పురుగులను అడ్డుకుంటాయి. విత్తనానికి ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తితే తొలిదశలో తామర పురుగుల ఉధృతి తగ్గుతుంది.

మొవ్వుకుళ్ళుకు, దీనికి ఆచరణలో ఒక తేడా ఉన్నది. వేరుశనగ పూవులో పుప్పొడి రేకుల మధ్య మూసుకుని ఉండి అక్కడే ఫలదీకరణ జరుగుతుంది కనుక తామర పురుగులకు అంటదు. అందువలన కాండం కుళ్ళు వైరసు ఒక వేరుశనగ మొక్క నుండి మరొక వేరుశనగ మొక్కకు పాకదు, ప్రతి మొక్కకూ కలుపు నుండే సోకుతుంది. జబ్బుపడిన మొక్కలను ఏరి పారవేయడం వలన ప్రయోజనం లేదు, సాళ్ళలో ఖాళీలు ఏర్పడి పురుగులు వాలడానికి మరింత అనువవుతుంది. పొద్దుతిరుగుడు, బంతి వంటి పూలలో మాత్రం పుప్పొడి బయటకు తెరుచుకుని ఉంటుంది. ఆ పంటలకు కూడా ఈ వైరసు సోకుతుంది. కనుక వేరుశనగ చేను పక్కన వాటిని వేయకపోవడం మంచిది.